పోలీస్ జట్టు బాకీ ఎవరు తీర్చాలె?

పోలీసులంటే మాకు గుర్తొచ్చేది వేరే. 2009 చలికాలం, ఉస్మానియా ఎన్‌సీసీ గేటు, కండ్లు మండే పొగ, మొహానికి కట్టుకున్న తడి రుమాలు. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ తొవ్వ పడితే ఎక్కడికక్కడ ముండ్లకంచెలు. దోస్తులు కొందరు ఆ రోజుల కేసుల వాయిదాలకు తర్వాత కూడా తిరిగిన్రు. అందుకే పోలీసుల గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే మా కలం అంత సులువుగా కదలదు. అయినా ఈ వారం రాస్తున్నం. ఎందుకంటే మన గడ్డ మీద పుట్టి, దేశాన్ని గెలిచి, మన చేతుల్లనే మరుగున పడ్డ ఒక జట్టు ఉన్నది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. అది ఆడింది ఫుట్‌బాల్.

ఉద్యమం నడిచిన రోజుల్లో మేము చరిత్రను తవ్వి తలకెత్తుకున్నం. కొమురం భీం అన్నం, షేక్ బందగీ అన్నం, ఐలమ్మ అన్నం, షోయబుల్లాఖాన్ అన్నం. మన చరిత్రను పాఠ్యపుస్తకాల్లకు రానియ్యలేదని సభల్లో, వ్యాసాల్లో కొట్లాడినం. న్యాయమైన కొట్లాటే. కానీ ఆటల పేజీ మాత్రం మేమూ తిప్పలేదు. ధూంధాంలో డప్పు మోగింది, బతుకమ్మ ఆడింది, బోనం లేచింది. ఒక్క సభలనన్న సయ్యద్ అబ్దుల్ రహీం పేరు విన్నమా? మేమైతే వినలేదు. హాస్టళ్ల మధ్య పోటీలు పెట్టుకొని మేమూ బంతి తన్నినం. మేము తిరిగిన ఆ క్యాంపస్‌ల చదివి బీఏ పట్టా పుచ్చుకున్న ఒక బడిపంతులు భారత ఫుట్‌బాల్‌ను ఆసియాల మొదటి మెట్టు మీద నిలబెట్టిండని అప్పుడు మాకు తెలియదు. ఈ తప్పు ముందు ఒప్పుకొని తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

బంబైల వరుసగా అయిదేండ్లు

హైదరాబాద్‌ల బంతాట మొదలైంది దండు ప్రాంతాల్లో. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లల్ల తెల్ల పటాలాలు ఆడుతుంటే చుట్టుపక్కల బస్తీల పిల్లలు చూసిన్రు, నేర్చుకున్నరు, బూట్లు లేకుండనే ఆడిన్రు. 1939ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడ్డది. సిటీ పోలీస్ జట్టు కూడా ఆ కాలానిదే. 1943ల బెంగళూరుకు పోయి ఆష్ గోల్డ్ కప్‌ల రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి వచ్చింది. పాలించేటోడి ఆటల పాలించేటోడినే కొట్టుడు అంటే ఇదే.

ఆ తర్వాత 1948 సెప్టెంబర్. పోలీస్ యాక్షన్. నిజాం రాజ్యం కూలింది. ఆ గాయాలు, అనుమానాలు ఇంకా పచ్చిగనే ఉన్నయి. హైదరాబాదీ అంటే, అందులో ముస్లిం అంటే, దేశం అనుమానంగ చూసిన కాలమది. సరిగ్గ రెండేండ్లకు 1950ల హైదరాబాద్ పేరును చాతీ మీద వేసుకొని ఒక జట్టు బంబై పోయింది, రోవర్స్ కప్ గెలిచింది. అదే సీజన్‌ల ఢిల్లీ పోయింది, మోహన్ బగాన్‌ను ఫైనల్ల ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. డ్యూరాండ్ 1888ల మొదలైంది, రోవర్స్ 1891ల. రెండూ ముందు బ్రిటిష్ పటాలాల కోసం పెట్టుకున్న పోటీలు. తర్వాత్తర్వాత కలకత్తా పెద్ద క్లబ్బులు వాటి మీద కన్నేసినయి. కలకత్తనే దేశ ఫుట్‌బాల్‌కు రాజధాని అని అందరూ అనుకుంటున్నప్పుడు నడుమల మన కానిస్టేబుళ్లు జొర్రిన్రు.

1950, 1951, 1952, 1953, 1954. అయిదేండ్లు వరుసగా రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. ఒక ఏడు గెలిస్తే అదృష్టం అనొచ్చు, రెండేండ్లు గెలిస్తే ఊపు అనొచ్చు. అయిదేండ్లంటే దాని వెనక ఒక ఏర్పాటు ఉన్నట్టు. డ్యూరాండ్ అయితే 1950, 1954, 1957 సీజన్లల్ల ఈ పేరు మీద, 1961ల మారిన పేరు మీద, మొత్తం నాలుగుసార్లు గెలిచింది. ఆ పేరు ఎట్ల మారిందో తర్వాత చెప్తం. ముందు ఆ ఏర్పాటు ఏందో చూద్దాం.

నౌకరి, మైదానం, మాస్టర్

ఆ ఆటగాళ్లు ఎవరు? సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, లాయిక్, జమాల్. నవాబుల బిడ్డలు కాదు, జాగీర్దార్ల వారసులు కాదు. గల్లీల పిల్లలు. ఆ కాలంల ఫుట్‌బాల్ ఆడితే కడుపు నిండదు. ఆటకు జీతం లేదు. ఇయ్యాల్టి లెక్క వేలంపాట అసలే లేదు. కాగితం మీద వాళ్లంతా అమెచ్యూర్లే. మరి ఇల్లెట్ల గడిచింది? పోలీస్ నౌకరితోటి గడిచింది. కానిస్టేబుల్ ఉద్యోగం, నెల తిరిగితే జీతం, రిటైరైతే పింఛన్. ఇంట్ల అమ్మకు, నాన్నకు పొయ్యి వెలుగుతదన్న ధైర్యం. ఆ ధైర్యమే పిల్లగాన్ని మైదానంల నిలబెట్టింది.

రెండోది మైదానం. ఫతే మైదాన్ ఉండె, జింఖానా ఉండె, పోలీస్ లైన్ల గ్రౌండ్లు ఉండె, బడి ముంగట ఖాళీ జాగ ఉండె. బంతి తన్నడానికి టికెట్టు కొనుక్కునే అవసరం లేకుండె.

మూడోది మాస్టర్. ఈ జట్టుకు మొదట నార్బర్ట్ ఫ్రూవాల్ శిక్షణ ఇచ్చిండు. 1950 నుంచి ఆ బాధ్యత రహీం సాబ్‌ది. రహీం పుట్టింది 1909 ఆగస్టు 17న. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిండు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శిగా చనిపోయేదాకా పనిచేసిండు. బడిపంతులు బుద్ధి మైదానంల కూడా పోలేదు. ఆయన పిల్లలకు పెట్టిన పోటీలు చూడుండ్రి. ఒక టోర్నమెంట్ల బంతిని కాళ్ల నడుమ తిప్పుకుంట పోవుడు నిషేధం. అందంగనే తోటోనికి ఇయ్యాలె. ఇంకో టోర్నమెంట్ల కుడికాలి వాటం ఉన్నోడు ఎడమకాలితోటే తన్నాలె. మొదటిదాంట్ల స్వార్థం పోతది, రెండోదాంట్ల లోపం పోతది. హైదరాబాద్ జట్ల ఆట చూసినోళ్లంతా ఏమని రాసిన్రంటే బంతి వాళ్ల కాళ్ల దగ్గర ఆగది, మనిషి నుంచి మనిషికి చకచక పోతది అని. అది గాలికి రాలేదు, ఈ చిన్నపిల్లల టోర్నమెంట్లల్ల తయారైంది. ప్రపంచమంతా 4-2-4 వరుస గురించి మాట్లాడుకోకముందే 1950లల్లనే రహీం తన ఆటగాళ్లను ఆ దారిల నడిపిండు.

ఈ మూడు కలిసినప్పుడు ఏమైతదో తులసీదాస్ బలరాంను చూస్తే తెలుస్తది. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ పిల్లగాడు. బూట్లు కొనే స్థోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్లతో మోచితోటి రెండు రూపాయలకు జత కుట్టించుకున్నడని ఆయన కథల అందరూ చెప్పుకునే మాట. ఆ పాత తోలుతోటి మొదలైన కాళ్లు 1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల, 1960ల రోమ్ ఒలింపిక్స్‌ల ఆడినయి. 1962ల అర్జున అవార్డు వచ్చింది. 2023 ఫిబ్రవరిల బలరాం పోయిండు. అప్పటికి మన సొంత రాష్ట్రానికి తొమ్మిదేండ్లు నిండవచ్చినయి. అమ్ముగూడల ఎంతమంది పిల్లలకు ఆ పేరు తెలుసో ఎవరన్న పోయి అడిగి చూడుండ్రి.

పేరు ఎట్ల పోయింది

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం పటం మీదికెల్లి పోయింది. సరిగ్గ నెల రోజులకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్‌ల భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తోటి ఓడించింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌ల సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టు కోచ్ రహీం. ఆ జట్టుల అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇంకా ఇతర హైదరాబాదీలు. ఏ రాష్ట్రం మట్టి ఆ కాళ్లను తయారుచేసిందో ఆ రాష్ట్రం పేరు అప్పటికి నెలరోజుల కింద చెరిగిపోయి ఉన్నది.

చిత్రమేందంటే, రాష్ట్రం పోయినంక కూడా ఆటల హైదరాబాద్ పేరు కొన్నాళ్లు బతికింది. 1956-57ల, 1957-58ల సంతోష్ ట్రోఫీ గెలిచింది హైదరాబాద్ అనే జట్టే. రాజకీయ పటంల లేని రాష్ట్రం దేశ ఛాంపియన్ అయింది, అదీ రెండుసార్లు వరుసగా. 1959ల హైదరాబాద్, ఆంధ్రా ఫుట్‌బాల్ సంఘాలను కలిపిన్రు. ఆ వెంట పోలీస్ జట్టు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1961 డ్యూరాండ్ కప్ ఆ కొత్త పేరు ఖాతాలనే పడ్డది. 1965-66 సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరు మీద. కాళ్లు అవే, గల్లీలు అవే. బోర్డు మారింది.

పేరు మారితే ఏమైతది అని అడిగినోళ్లను ఉద్యమ కాలంల మనం శానమందిని చూసినం. పేరు పోతే లెక్కల పుస్తకంల నీ గెలుపు వేరేవాళ్ల పద్దుకు పోతది. రేపు నీ బిడ్డ వెతికితే దొరకదు. పేరు విలువ తెలిసిన సంగతే, అందుకే పోరాడినం.

నింద ఒక్కరి మీద వేస్తే సరిపోదు

అయితే ఒక నిజం కూడా రాయాలె. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను విలీనమే చంపింది అని రాసి కలం మూస్తే మాకు చప్పట్లు వస్తయి. కానీ అది సగం మాటే. సంఘాలు కలిసినంక కూడా డ్యూరాండ్ వచ్చింది, సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆట పడిపోయింది వేరే కారణాలతోటి కూడా.

మొదటిది, రహీం పోవుడు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాల ఆసియా క్రీడల ఫైనల్ల భారత్ 2-1తోటి దక్షిణ కొరియాను గెలిచి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోటి ఉన్నడు. 1963 జూన్ 11న కన్నుమూసిండు. ఆయన తర్వాత ఆసియా క్రీడల్ల ఫుట్‌బాల్ బంగారం భారత్‌కు మళ్లీ రాలేదు. ఒక మనిషి మీదనే అంతా ఆధారపడ్డప్పుడు ఆ మనిషితోటే అంతా పోతది. రహీం పద్ధతిని బడుల్లో, క్లబ్బుల్లో ఒక చదువు లెక్క నిలబెట్టే పని అప్పటి పెద్దలు చేయలేదు.

రెండోది, కలకత్తా. బలరాం 1957లనే ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. నయీముద్దీన్ పోయిండు, మహమ్మద్ హబీబ్ పోయిండు, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ పోయిన్రు. 1970 ఆసియా క్రీడల కంచు పతకం తెచ్చిన జట్టు కెప్టెన్ నయీముద్దీన్, అందులనే హబీబ్. ఇద్దరూ హైదరాబాదీలే. 1977ల పీలే కలకత్తా వచ్చినప్పుడు ఎదురుగా మోహన్ బగాన్ జెర్సీల ఆడింది మన హబీబే. బెంగాల్ వాళ్లు మన పిల్లలను ఎత్తుకపోలేదు, పిలిచి అన్నం పెట్టిన్రు. బతుకు కోసం దుబాయి పోయిన పాలమూరు, కరీంనగర్ వలసకూ దీనికీ తేడా లేదు. ఇంట్ల దొరకనిది బయట వెతుక్కున్నరు.

మూడోది, నౌకర్లు. ఆటగాన్ని చూసి పోలీసుల తీసుకునే పాత అలవాటు సన్నగిల్లింది. గ్రౌండ్లు కూడా అట్లనే కరిగినయి. ఖాళీ జాగ కనబడితే కాంప్లెక్స్, లేకుంటే సభ, లేకుంటే ఎగ్జిబిషన్, లేకుంటే పార్కింగ్. ఫతే మైదాన్ 1967ల లాల్ బహదూర్ స్టేడియం అయింది. అక్కడ ఇప్పుడు మనకు ఎక్కువగా గుర్తున్నవి ప్రమాణ స్వీకారాలు, సభలు. వీటిల కొన్ని సమైక్య పాలకుల పద్దు. కొన్ని మన పద్దు.

మన రాష్ట్రం వచ్చినంక

2014 జూన్ 2 నుంచి పద్దు అంతా మనదే. పదేండ్లు దాటినయి, రెండు పార్టీల ప్రభుత్వాలను చూసినం. ఏం చేసినమో నిజాయితీగ చూసుకుందాం.

మంచి కూడా రాద్దాం. 2024ల నిఖత్ జరీన్‌కు, మహమ్మద్ సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలు ఇచ్చిన్రు. నిజామాబాద్ బిడ్డ, ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఇద్దరికీ అర్హత ఉన్నది, మాకూ సంతోషమే. కానీ సిటీ పోలీస్ జట్టు నేర్పిన పాఠం ఇది కాదు. నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయినంక నౌకరి వచ్చింది, సిరాజ్ ప్రపంచ కప్ గెలిచినంక వచ్చింది. 1950ల కానిస్టేబుళ్లకు ముందు నౌకరి వచ్చింది, తర్వాత కప్ వచ్చింది. గెలిచినోనికి ఇచ్చేది సన్మానం. గెలువకముందు ఇచ్చేది నియామకం. మనం ఉద్యమంల అడిగింది నియామకాలు.

2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిల ఐఎస్ఎల్ ఫైనల్ల కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఛాంపియన్ అయింది. మేము కూడా ఎగిరి గంతేసినం. కొన్నేండ్లకే అప్పులు, జీతాల లొల్లి, యాజమాన్యం మార్పు. 2025ల ఆ జట్టు ఢిల్లీకి పోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అంటే హైదరాబాద్ పేరు మళ్లోసారి జెర్సీ మీదికెల్లి ఊడింది. ఈసారి నిందించడానికి ఏ విలీనమూ లేదు. పెట్టుబడిదారుకు జట్టు ఒక ఆస్తి, కిట్టకపోతే అమ్ముకుంటడు, తీసుకపోతడు. కానిస్టేబుల్ జట్టును ఎవరూ బండికెత్తుకొని ఢిల్లీ తీసుకపోలేరు. దాని వేరు నౌకరిల ఉంటది, గల్లీల ఉంటది.

2024ల ఇంటర్‌కాంటినెంటల్ కప్ హైదరాబాద్‌ల పెట్టిన్రు. అదే ఏడు డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిల జరిగింది. బెంగాల్, కేరళ ఆడినయి. ఒకప్పుడు ఇదే ట్రోఫీని వరుసగ రెండేండ్లు ఉంచుకున్న ఊరు ఆ రోజు అతిథులకు కుర్చీలేసింది. అతిథి మర్యాద మంచిదే, కానీ మన ఇంట్ల పెండ్లికి మనమే పిలవని చుట్టాలమైతిమి.

2025 జనవరిల గోషామహల్ పోలీస్ గ్రౌండ్ల కొత్త ఉస్మానియా దవాఖానకు శంకుస్థాపన అయింది. పేదోనికి దవాఖాన వద్దనే పాపం మేము చేయం. ఉస్మానియా మంచాల మీద పడి ఉన్నోళ్లు మనోళ్లే. కానీ మైదానం తీసుకున్నప్పుడు నగరం నడుమలనే ఇంకో మైదానం ఇయ్యాలని అడిగే గొంతు ఒక్కటి ఉండాలె గద. చెరువు పోతే కొట్లాడినం, గుట్ట పోతే కొట్లాడినం. గ్రౌండ్ పోతే కూడా అట్లనే అడగాలె.

ఇంకో ముచ్చట. రహీం జీవితం మీద 2024ల 'మైదాన్' సినిమా వచ్చింది. తీసింది బంబై వాళ్లు, హిందీల. హైదరాబాద్‌ల ఇన్ని స్టూడియోలు, ఇన్ని కోట్లు. మనోని కథ మనకు బంబై నుంచి రావాల్సి వచ్చింది. అజయ్ దేవగణ్‌ను చూసి కాలేజీ పిల్లలు ఇంటికొచ్చి, రహీం మనోడేనా అని అడిగిన్రు. మనం నేర్పనిది సినిమా నేర్పింది.

మేము అడిగేది

కొందరు మిత్రులు అంటరు, రైతు సచ్చిపోతుంటే, నిరుద్యోగి ఎదురుచూస్తుంటే ఈ బంతాట ముచ్చటేందని. ఇది నిరుద్యోగి ముచ్చటే. బార్కస్‌ల, లాలగూడల, బొల్లారంల ఇప్పటికీ పొద్దుగూకేదాకా ఆడే పిల్లలున్నరు. పదహారేండ్లదాకా ఆడుతరు. తర్వాత ఇంట్ల నుంచి ప్రశ్న వస్తది, దీనితోటి బుక్కెడు బువ్వ వస్తదా అని. జవాబు లేక డెలివరీ బండి ఎక్కుతరు. 1950ల పిల్లగానికి జవాబు ఉండె. ఆ జవాబు ఖాకీ బట్టల ఉండె.

ఇంకో బాధ కూడ చెప్పాలె. అదే సిటీ పోలీస్ కప్పులు తెస్తున్న రోజుల్లనే, 1952 సెప్టెంబర్ల ముల్కీ ఉద్యమంల సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగినయి. స్థానికులకు నౌకర్లు కావాలన్నందుకు ప్రాణాలు పోయినయి. ఒక దిక్కు స్థానిక పిల్లలకు నౌకరిచ్చి దేశాన్ని గెలిచిన ఖాకీ, ఇంకో దిక్కు నౌకరి అడిగిన పిల్లల మీద కాల్చిన ఖాకీ. రెండూ మన చరిత్రనే. ఒకటి చెప్పి ఇంకోటి దాచే పని మేము చేయం. రెండింటి నడుమ ఉన్న మాట మాత్రం ఒక్కటే, నౌకరి.

పోలీసు ఉద్యోగుల సంఘాలకు, క్రీడా శాఖకు, ఫుట్‌బాల్ సంఘానికి మా విన్నపం. సిటీ పోలీస్ జట్టు గెలిచిన ఏండ్లు, ఆడినోళ్ల పేర్లు ఒక గోడ మీద చెక్కుండ్రి. ఆ పాత ఫోటోలు, కప్పులు ఎక్కడున్నా వెతికి ఒక్క గదిల పెట్టుండ్రి. ఎడమకాలి టోర్నమెంట్‌ను బడుల్లో మళ్లీ పెట్టుండ్రి, దానికి ఒక బంతి, ఒక పీటీ సారు ఉంటే చాలు. విద్యార్థి మిత్రులారా, మీ యూనివర్సిటీ గ్రౌండ్ల రహీం పేరు మీద ఏటా ఒక పోటీ మీరే మొదలుపెట్టుండ్రి, ప్రభుత్వం కోసం చూడకుండ్రి. ఉద్యోగ మిత్రులారా, సకల జనుల సమ్మెల జీతాలు వదులుకున్నోళ్లు మీరు. ఒక గల్లీ జట్టుకు బూట్లు కొనిచ్చుడు మీకు పెద్ద లెక్క కాదు.

ప్రభుత్వానికి మాత్రం ఒక్కటే కోరిక. వచ్చే పోలీసు నోటిఫికేషన్ల ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు కొన్ని పోస్టులు విడిగ పెట్టుండ్రి. పతకాలు అడగకుండ్రి, ఆట చూసి తీసుకోండ్రి. డీఎస్పీలు అవసరం లేదు. ఏడాదికి పదకొండు కానిస్టేబుల్ పోస్టులు. మేము అడుగుతున్నది గంతే.